ఏడో తరగతి ఇంగ్లీషు: గంటల లెక్క, మాటల లెక్క

ఇరవై ఆరు సెకన్లు. ఏడో తరగతి పిల్లకు ఇంగ్లీషు పీరియడులో సొంతంగా నోరు విప్పి ఇంగ్లీషు మాట్లాడటానికి చిక్కే సమయం సుమారుగా అంతే. సర్వే ఏదో తేల్చిన అంకె కాదిది, కాగితం మీద ఎవరైనా వేసుకోదగ్గ లెక్క. పీరియడు 45 నిమిషాలు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఒక టీచరుకు 35 మందిని మించకూడదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. హాజరు, పాఠం చదివి అర్థం చెప్పడం, బోర్డు మీది ప్రశ్నజవాబులు ఎక్కించుకోవడం, నోట్సులు దిద్దడం ఇవన్నీ పోను ఓ పావుగంట పిల్లల మాటలకే వదిలేసే ఉదారమైన సారును ఊహించుకుందాం. పావుగంటంటే 900 సెకన్లు. 35తో భాగిస్తే తలా 26. అదీ అందరికీ వంతు వస్తే. వెనక బెంచీ వాళ్ల వంతు రాకముందే బెల్లు కొట్టేస్తారని బడికి వెళ్లిన వాళ్లందరికీ తెలుసు.

అదే చట్టం ప్రకారం ఈ తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. రోజుకో ఇంగ్లీషు పీరియడు చొప్పున చూస్తే పిల్ల ఏడాది మొత్తంలో మాట్లాడేది 94 నిమిషాలు. ఆరు, ఏడు, ఎనిమిది, మూడేళ్లూ కలిపినా ఐదు గంటలు నిండవు. ఒంగోలులో హైదరాబాదు బస్సెక్కితే అంతకంటే ఎక్కువసేపే సీట్లో కూర్చుంటాం.

బడి ఇంగ్లీషు మీద మన రాష్ట్రంలో జరిగిన వాదనంతా మాధ్యమం చుట్టూ తిరిగింది. ఏ భాషలో చెప్పాలి, ఎంచుకునే హక్కు ఎవరిది, కోర్టు ఏమంది, పాత ప్రభుత్వం ఏం చేసింది, కొత్తది ఏం మార్చింది అంటూ. ఆ రభసలో పీరియడు లెక్క మరుగున పడింది. పిల్ల రోజుకు ఎన్ని ఇంగ్లీషు మాటలు చదువుతోంది, ఎన్ని పలుకుతోంది, పరీక్ష వాటిలో దేనికి మార్కులిస్తోంది అని అడిగినవాళ్లు తక్కువ.

ఒంగోలు నుంచి కోర్టు దాకా

ఆ వాదనలో ఒంగోలుకూ ఓ చోటుంది. 2019 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు, అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి ‘మన బడి నాడు–నేడు’ను ప్రారంభించింది ఒంగోలు పీవీఆర్ మున్సిపల్ హైస్కూల్లోనే. మరుగుదొడ్లు, తాగునీరు, ఫర్నిచరు, రంగులు, ప్రహరీలతోపాటు ‘ఇంగ్లీషు ల్యాబ్’ కూడా ఆ పథకం జాబితాలో ఉంది. దానికి తొమ్మిది రోజుల ముందే, నవంబరు 5న, ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమమంటూ జీవో 81 వచ్చింది. నవంబరు 20న జీవో 85తో దాన్ని ఒకటి నుంచి ఆరుకు కుదించారు. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు రెండింటినీ కొట్టేసింది. విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షను వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని చెబుతుంది మరి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఈలోగా తల్లిదండ్రుల అభిప్రాయం సేకరిస్తే 96.17 శాతం మంది ఇంగ్లీషు మాధ్యమమే కావాలన్నారని ప్రకటించింది.

ఈ 96 శాతం చూసి భాషాభిమానులు బాధపడ్డారు, అధికార పక్షం జెండా చేసుకుంది. రెండూ అక్కర్లేదనిపిస్తుంది నాకు. మిరపకోతలకు పోయే తల్లి, చీమకుర్తి క్వారీలో పనిచేసే తండ్రి తమ పిల్లకు ఏం కావాలో చెప్పారు. అది ఎలా వస్తుందో చెప్పే పని వాళ్లది కాదు. పైగా ఆ కోరిక 2019లో పుట్టింది కాదు. 2008లోనే ‘సక్సెస్’ పేరుతో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఆరో తరగతి నుంచి ఇంగ్లీషు మాధ్యమం సెక్షన్లు పెట్టారు. కేంద్ర విద్యాశాఖ ‘యూడైస్’ లెక్కల్లో 2019–20 నాటికే ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ, ప్రైవేటు బడులన్నీ కలిపి నూటికి 63 మంది దాకా ఇంగ్లీషు మాధ్యమంలో ఉన్నారు. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 26. అంటే జీవోలు రాకముందే సగానికి పైగా జనం తేల్చేసుకున్నారు, చాలామంది చేతి డబ్బు పెట్టి మరీ.

ఇంకా వెనక్కి పోతే ఈ ఊళ్లో ఇంగ్లీషు కథ 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ వచ్చినప్పటి నుంచి సాగుతుంది. 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశం చిన్నతనం ఒంగోలులోనే గడిచింది. తండ్రి పోయాక తల్లి ఇక్కడ పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. పరీక్ష ఫీజు మూడు రూపాయలు కట్టడానికి దారి లేకపోతే తల్లి పట్టుచీర తాకట్టు పెట్టింది. ఆ కుర్రాడే లండన్‌లో బారిస్టరై, 1921లో మద్రాసులో ‘స్వరాజ్య’ పత్రిక పెట్టాడు. మొదలుపెట్టింది ఇంగ్లీషులోనే. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు రెండేళ్లకు ఆయన పేరు వచ్చింది. ఇంగ్లీషు చదువు కోసం ఇల్లు గుల్లచేసుకోవడం ఈ ప్రాంతానికి నూటయాభై ఏళ్ల అలవాటన్నమాట. మూడు రూపాయల స్థానంలో ఇప్పుడు కాన్వెంటు ఫీజులు, బస్సు ఫీజులు.

పీరియడులో ఏముంటుంది

నలభై యాభై ఏళ్ల కింద చదువుకున్న వాళ్లకు ఏబీసీడీలు ఐదులోనో ఆరులోనో మొదలయ్యేవి. ఆరో తరగతి ఇంగ్లీషంటే అక్షరాలు దిద్దడం, ‘దిస్ ఈజ్ ఎ క్యాట్’. ఇప్పటి పిల్లకు ఇంగ్లీషు ఒకటో తరగతి నుంచే ఉంది. ఆరులోకి వచ్చేసరికి ఐదేళ్ల పాత చుట్టమే. కాబట్టి మిడిల్ స్కూలు సిలబస్ అక్షరాలు వచ్చుననుకునే మొదలవుతుంది. చిక్కంతా ఆ ‘అనుకోవడం’ దగ్గరే.

ఉమ్మడి రాష్ట్రంలో 2012 నుంచి వచ్చిన ‘ఆవర్ వరల్డ్ త్రూ ఇంగ్లీష్’ వాచకాలు పాత వ్యాకరణ పద్ధతిని తిరగేశాయి. ఒక్కో యూనిట్లో ఏ, బీ, సీ అని మూడు పఠనాలు. మొదటిది వచనం, రెండోది ఎక్కువగా పద్యం, మూడోది మళ్లీ చదువుకోవడానికి. వాటి వెనక పదజాలం, వ్యాకరణం, రాయడం, వినడం, ప్రాజెక్టు. రాతపనిలో ‘డిస్కోర్సులు’ వచ్చి చేరాయి. సంభాషణ, డైరీ, ఉత్తరం, వర్ణన, కథ, పోస్టరు, నోటీసు, ప్రసంగం లాంటివి. ఆరులో కాలాలు, విశేషణాలు, ప్రిపోజిషన్లు. ఏడు, ఎనిమిదికి వచ్చేసరికి పోలికల డిగ్రీలు, వాక్యాలను కలిపే మాటలు, ప్యాసివ్ వాయిస్, రిపోర్టెడ్ స్పీచ్. వాచకాలు ఆ తర్వాత మారాయి, ఈ అమరిక చాలావరకు అలాగే ఉంది.

కాగితం మీద ఇది మంచి సిలబసే. పాఠంలో పిల్లవాడు తప్పిపోతే వాడి డైరీ రాయమనడం, ‘వాట్ ఈజ్ ఎ నౌన్’ అని బట్టీ పట్టించడం కంటే వంద రెట్లు నయం. కానీ గైడులు ఊరుకోవు. డైరీ ఎలా రాయాలో గైడులో అచ్చుగా ఉంటుంది. తేదీ, ‘డియర్ డైరీ’, ‘టుడే వజ్ ఎ మెమొరబుల్ డే’. ఒంగోలులో ఏడో తరగతి పిల్లలందరి జీవితంలోనూ ప్రతిరోజూ మరపురానిదే.

తెలుగు పిల్లకు ఈ భాషలో ఎక్కడ కాలు జారుతుంది? కష్టపు మాటల దగ్గర జారుతుందనుకుంటాం. అసలు జారేది చిన్న మాటల దగ్గర. రాతలోని ఇంగ్లీషులో సగం, తరచుగా వచ్చే ఓ వంద మాటలే. ‘ది, ఆఫ్, అండ్, టు, ఇన్, ఎ’ వంటివి. ఒక్క ‘ది’యే నూటికి ఐదారు సార్లు వస్తుంది. తెలుగులో ఆర్టికల్ లేదు. ‘లో, కి, తో, మీద’ మాట వెనక అంటుకుంటాయి, ఇంగ్లీషులో ముందు నిలబడతాయి. మనకు క్రియ వాక్యం చివర, వాళ్లకు మధ్యలో. అందుకే నామవాచకాలు యాభై నేర్చిన పిల్ల కూడా ‘ఐ యెస్టర్డే మార్కెట్ వెంట్’ అంటుంది. అందులో తర్కానికి లోపం లేదు, తెలుగు వాక్యం మీద ఇంగ్లీషు మాటలు పరిచింది, అంతే. తెలుగు క్రియ లింగ వచన పురుషలను బట్టి రూపాలు మారుస్తూ పోతుంది. ఇంగ్లీషు క్రియకు ఎక్కువలో ఎక్కువ ఐదు రూపాలు, ‘బీ’ ఒక్కదానికే ఎనిమిది. ఇంత తేలికైన క్రియలో ‘షి గో’, ‘హి గో’ అనే తప్పు పదో తరగతి దాకా వదలదు. ఆ చివరి ‘స్’ పలికినా పలకకపోయినా అర్థం ఆగదు కాబట్టి చెవి దాన్ని పట్టించుకోదు.

స్పెల్లింగుది వేరే బాధ. మన అక్షరం ఎలా రాస్తే అలా పలుకుతుంది. అక్కడ 26 అక్షరాలతో 44 దాకా ధ్వనులు పలకాలి. తెలుగు ధారాళంగా చదివే పిల్లకు అక్షరమంటే ధ్వని అన్న నమ్మకం గట్టిగా ఉంటుంది. ఇంగ్లీషు ఆ నమ్మకాన్ని రోజూ చెడగొడుతుంది. అయినా తెలుగు చదవగలిగిన పిల్లే ఇంగ్లీషు త్వరగా అందుకుంటుంది, చదవడమంటే ఏమిటో ఒకసారి తెలిసింది కాబట్టి. తెలుగు మానిపిస్తే ఇంగ్లీషు వస్తుందనే ఇళ్లు ఈ సంగతి మరిచిపోతాయి.

495 గంటలు ఎక్కడికి పోతున్నాయి

45 నిమిషాల పీరియడు, 220 రోజులు. ఏడాదికి 165 గంటలు. మూడేళ్లకు 495. ఇది తక్కువేమీ కాదు. ఐరోపా భాషా ప్రమాణాల్లో ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు మెట్లున్నాయి. మొదటినుంచీ లెక్కిస్తే ఏ2 చేరడానికి 180 నుంచి 200, బీ1 చేరడానికి 350 నుంచి 400 బోధన గంటలు పడతాయని కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ అంచనా. బీ1 అంటే ప్రయాణంలో దారి అడగగలగడం, జరిగినది నాలుగు వాక్యాల్లో చెప్పగలగడం, తన అభిప్రాయానికి కారణం ఇవ్వగలగడం. మన పిల్ల ఎనిమిది పూర్తయ్యేసరికి, ప్రాథమిక తరగతుల ఐదేళ్లు లెక్కలోకి తీసుకోకుండానే, 495 గంటలు ఇంగ్లీషు తరగతిలో కూర్చుంది. లెక్క ప్రకారం బీ1 దాటాలి.

‘అసర్’ సర్వే ఏమంటోందో చూడండి. 2022లో గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో సులువైన ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగినవాళ్లు 24.5 శాతం. ఎనిమిదో తరగతిలో 46.7 శాతం. ఇంటికొచ్చి చేతికిచ్చే ఆ వాక్యాలు నాలుగైదు మాటలవి, బీ1 కాదు కదా, ఏ1 దరిదాపుల్లోవి. రెండూ ఒకే ఏడాది కొలిచిన వేర్వేరు తరగతులు గనుక కచ్చితంగా పోల్చలేం గానీ, మిడిల్ స్కూలు మూడేళ్లలో నూటికి ఇరవై రెండు మంది కొత్తగా వాక్యం చదవడం నేర్చుకుంటున్నారని చెప్పుకోవచ్చు. ఎనిమిదో తరగతి చివరికీ సగానికి పైగా మిగిలిపోతున్నారు. 2023లో అదే సర్వే 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను చూసింది. మన రాష్ట్రం నుంచి శ్రీకాకుళం జిల్లాను తీసుకున్నారు. మొత్తమ్మీద వాక్యాలు చదవగలిగినవాళ్లు 57.3 శాతం. వాళ్లలోనూ అర్థం చెప్పగలిగినవాళ్లు నలుగురిలో ముగ్గురు కూడా నిండలేదు. అంటే నూటికి 42 మంది. మిగతావాళ్లకు అది చప్పుడే.

495 గంటలు, 42 మంది. ఈ రెండు అంకెల మధ్య ఖాళీ ఎందుకుంది? కేంబ్రిడ్జ్ లెక్క వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగూ సాగే తరగతికి. మన తరగతిలో మొదటి రెండూ టీచరువే. పిల్లలు వింటారు, రాసుకుంటారు. ఇందులో టీచర్లను తప్పుపట్టేముందు ఓ మాట. ఆరు నుంచి ఎనిమిది తరగతుల బడికి భాషలన్నిటికీ కలిపి కనీసం ఒక టీచరు ఉండాలన్నదే విద్యాహక్కు చట్టం పెట్టిన షరతు. తెలుగు, హిందీ, ఇంగ్లీషుకు కలిపి ఒకరు! హైస్కూళ్లలో ఇంగ్లీషుకు విడిగా స్కూల్ అసిస్టెంట్లుంటారు, చిన్న అప్పర్ ప్రైమరీ (యూపీ) స్కూళ్ల సంగతి వేరు.

ఇంగ్లీషు మాధ్యమం ఈ లెక్కను మార్చగలదు, కాగితం మీద. లెక్కలు, సైన్సు, సోషలుకు వారానికి ఇరవై పీరియడ్లు అనుకుంటే ఏడాదికి మరో 550 గంటలు ఇంగ్లీషు చెవిన పడాలి. నిజానికి అక్కడ జరిగేది చాలామందికి తెలుసు. పుస్తకంలో ఇంగ్లీషు, నోట్లో తెలుగు, పరీక్షలో బట్టీ. 2020–21 నుంచి ప్రభుత్వం ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో ఉండే ద్విభాషా పుస్తకాలు ఇచ్చింది. మాధ్యమం గొడవలో వచ్చిన అన్నిటిలోకీ ఇదే పనికొచ్చేదని నా అభిప్రాయం. సైన్సు సారు తెలుగులో వివరించడం తప్పు కాదు, పిల్లకు విషయం ఎక్కాలి. వివరించాక రెండు వాక్యాలైనా పిల్ల చేత ఇంగ్లీషులో చెప్పిస్తే ఆ 550 గంటల్లో కొంతైనా దక్కుతుంది. చెప్పించకపోతే మాధ్యమం అట్ట మీద మాటే.

మూడు మాటలు, ముప్ఫై సార్లు

ఇంగ్లీషుకు ఎన్ని మాటలు కావాలి? ఈ ప్రశ్నకు పనికొచ్చే జవాబు మొదట వెతికిన వాళ్లలో ఒకాయన మన ఉపఖండంలోనే పనిచేశాడు. మైకేల్ వెస్ట్ ఢాకాలో టీచర్లకు శిక్షణ ఇస్తూ, బెంగాలీ పిల్లలు చదవలేక ఎందుకు నిలిచిపోతున్నారో గమనించాడు. కొత్త మాటలు కుప్పగా పోస్తున్నారు, పాతవి మళ్లీ కనబడటం లేదు. ఆయన 1953లో అచ్చువేసిన జాబితాలో దాదాపు రెండు వేల మాటలుంటాయి. మామూలు రాతలో నూటికి ఎనభై మాటలు ఆ రెండు వేలలోవే. సాయం లేకుండా నవల, పత్రిక చదవాలంటే ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబాలు కావాలని న్యూజిలాండు పండితుడు పాల్ నేషన్ 2006లో లెక్కగట్టాడు. అది కాలేజీ దాటాక సంగతి.

రెండు వేలను మూడేళ్లకు, 660 రోజులకు పంచితే రోజుకు మూడు మాటలు. ఏడో తరగతి పిల్లకు రోజుకు మూడు మాటలు బరువా? కాదు. చిక్కు ఇంకోచోటుంది. ఒక మాట గుర్తుండిపోవాలంటే వేర్వేరు వాక్యాల్లో అది పదిసార్లయినా ఎదురుపడాలి. రోజుకు మూడు మాటలు, ఒక్కోటి పదిసార్లు, ముప్ఫై ఎదురుపాట్లు. వాచకం ఒక్కటే ఈ పని చేయలేదు. ఎనిమిది యూనిట్లు, యూనిట్‌కు మూడు పఠనాలు, ఒక్కోటి సగటున ఆరువందల మాటలనుకున్నా ఏడాదికి చదివించేది 14,400 మాటలు. సన్న పుస్తకం ఒకటి. ఏడాది పొడుగునా ఒకటే సన్న పుస్తకం చదివి ఏ భాష వచ్చింది ఎవరికైనా?

ఇప్పుడు ఇంకో లెక్క. ఆగి ఆగి చదివే పిల్ల నిమిషానికి అరవై మాటలు చదువుతుందనుకుందాం. రోజుకు పావుగంట, తనకు నచ్చిన బొమ్మల కథల పుస్తకం, ప్రశ్నజవాబులు లేకుండా. రోజుకు 900 మాటలు. 220 రోజులకు 1,98,000. వాచకానికి దాదాపు పద్నాలుగు రెట్లు. వెస్ట్ చెప్పిన ‘మళ్లీ మళ్లీ కనబడటం’ ఇక్కడ దానంతట అదే జరిగిపోతుంది. నిమిషాల్లో చూస్తే పీరియడులో మూడోవంతు. ఖర్చు లైబ్రరీ బీరువా తాళం తీయడమే. 2020లో ‘చదవడం మాకిష్టం’ పేరుతో ప్రభుత్వం కార్యక్రమం పెట్టింది కూడా. పుస్తకం పోతే ఎవరు కట్టాలన్న భయంతో బీరువాలు మూసి ఉంచే బడులకు ఏ కార్యక్రమమూ పనిచేయదు. రెండు పుస్తకాలు పోనివ్వండి, చదివే పోతాయి కదా.

2021–22లో విద్యాకానుక కిట్టులో ఆరు నుంచి పదో తరగతి పిల్లలకు ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఇచ్చారు. బూట్లు, బ్యాగుల మీద జరిగినంత చర్చ దాని మీద జరగలేదు. ఇళ్లలో పుస్తకమే లేని ఊళ్లలోకి నిఘంటువు వెళ్లడం చిన్న విషయం కాదు. అది చూడటం నేర్పడానికి మాత్రం రెండు పీరియడ్లు కేటాయించాలి. అట్ట ఊడేదాకా అటక మీద ఉంచడానికి ఇచ్చింది కాదు.

పరీక్ష దేన్ని కొలుస్తుంది

పదో తరగతి ఇంగ్లీషు పేపరు వంద మార్కులకు. చదివి అర్థం చేసుకోవడానికి 30, వ్యాకరణం, పదజాలానికి 40, సొంతంగా రాయడానికి 30. 35 వస్తే పాసు. మాట్లాడటానికి సున్నా. వినడానికి సున్నా. ఈ రెండు సున్నాలే కిందికి జారి ఆరో తరగతి పీరియడు ఎలా గడవాలో నిర్ణయిస్తాయి. చాలాకాలం నడిచిన ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పద్ధతిలో 50 మార్కుల్లో పఠన ప్రతిస్పందనకు 10, రాతపనికి 10, ప్రాజెక్టుకు 10, స్లిప్ టెస్టుకు 20. మొదటి పదిలో పిల్ల చదివినదాని గురించి మాట్లాడాలన్న ఉద్దేశముంది. అవీ చివరికి రికార్డు షీట్లోకి రాతగానే చేరతాయి.

దీన్ని మార్చే ప్రయత్నం ఒకటి జరిగింది. 2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం అమెరికా పరీక్షల సంస్థ ఈటీఎస్‌తో ఒప్పందం చేసుకుని, మూడు నుంచి ఐదు తరగతులకు టోఫెల్ ప్రైమరీ, పై తరగతులకు టోఫెల్ జూనియర్ తెచ్చింది. జూనియర్ పరీక్షలో వినడం, భాషా నిర్మాణం, చదవడం విభాగాలకు 42 ప్రశ్నల చొప్పున మొత్తం 126. స్కోరు 600 నుంచి 900 మధ్య. ఒక్కటీ సరిగా రాయకపోయినా 600 ఖాయం! పల్లె బడుల్లో పిల్లలు మొదటిసారి ఇంగ్లీషు ఆడియో పెట్టుకుని విన్నారు, అది లాభమే. కానీ వాక్యం చదవడానికి తడబడే పిల్లలున్న తరగతికి విదేశీ విశ్వవిద్యాలయాల దారి చూపే పరీక్ష తేవడం మెట్లు వదిలి మేడ కట్టడమే. పైగా ఆ జూనియర్ పరీక్షలోనూ మాట్లాడే విభాగం లేదు. 2024లో ప్రభుత్వం మారాక ఈ టోఫెల్ ప్రయత్నం ఆగిపోయింది. ఆపితే ఆపారు, వినడానికి మార్కులుండాలన్న ఆలోచననైనా మిగుల్చుకుని ఉండాల్సింది.

ఇక మొదటి లెక్కలోని ఆ పావుగంట. దాన్ని ఒక్కొక్కరినీ లేపి నిలబెట్టడానికి కాకుండా, పక్కపక్క వాళ్లను జంటగా మాట్లాడుకోమనడానికి వాడితే ఏమవుతుందో చూద్దాం. 35 మందిలో పదిహేడు జంటలు ఒకేసారి మాట్లాడతాయి, ఒక చోట ముగ్గురు. ఒక్కో పిల్లకు ఏడున్నర నిమిషాలు. 26 సెకన్ల స్థానంలో 450, అంటే పదిహేడు రెట్లు. ఏడాదికి గంటన్నర కాదు, ఇరవై ఏడున్నర గంటలు. కొత్త బడ్జెట్, కొత్త జీవో, ట్యాబు ఏదీ అక్కర్లేదు. గోల మాత్రం వస్తుంది. పక్క గదిలో లెక్కల సారు విసుక్కుంటాడు, హెచ్ఎం గారు కిటికీలోంచి తొంగిచూస్తారు. తరగతి నిశ్శబ్దంగా ఉంటే టీచరు మంచివాడనే నమ్మకం మన బడుల్లో బలంగా ఉంది. ఇంగ్లీషు పీరియడుకు అది పొసగదు.

మాట్లాడుకోమంటే ఏం మాట్లాడుకుంటారు? దీనికి దక్షిణాదిలోనే పాత జవాబుంది. ఇంగ్లీషు బోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు ప్రాంతాల మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపాడు. వ్యాకరణం చెప్పకుండా పిల్లలకు పనులిచ్చాడు. రైళ్ల టైంటేబుల్, పటం లాంటివి చేతికిచ్చి లెక్క తేల్చమన్నాడు. పిల్లల దృష్టి భాష మీద కాక పని మీద ఉంటే భాష దానంతట దిగుతుందన్నది ఆయన వాదం. 1987లో ఆయన రాసిన పుస్తకాన్ని ప్రపంచమంతా ఇంగ్లీషు టీచర్లు చదువుతున్నారు. ఒంగోలు తరగతికి ఆ పనులు వెతుక్కోనక్కర్లేదు. విజయవాడ–గూడూరు లైను టైంటేబుల్ ఇచ్చి, చీరాల వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావాలంటే ఏ రైలెక్కాలో ఇంగ్లీషులో తేల్చుకోమనవచ్చు. గుంటూరు యార్డులో మిర్చి ధరల పట్టిక ఇచ్చి, ఏ రోజు అమ్మితే ఎంత మిగిలేదో పక్కవాడికి చెప్పమనవచ్చు. ఈ జిల్లా పిల్లలకు ఆ పట్టిక మీద ఉన్నంత ఆసక్తి ఇంగ్లీషు రైము మీద ఉండదు.

తప్పులొస్తాయి, రానీయాలి. ‘షి గో’ అన్నప్పుడల్లా ఆపితే పిల్ల మాట్లాడటమే ఆపేస్తుంది. మాట అయ్యాక బోర్డు మీద రెండు తప్పులు రాసి అందరి చేతా దిద్దిస్తే చాలు. పేరు చెప్పకుండా.

తల్లిదండ్రుల వంతు ఏమిటంటే, ఇప్పుడు వాళ్లకు అడిగే వేదికైనా ఉంది. 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జులై 10న రాష్ట్రమంతటా బడుల్లో ఒకే రోజు తల్లిదండ్రులు–టీచర్ల సమావేశాలు పెట్టారు. అక్కడ మార్కుల పట్టిక చేతికిస్తారు, భోజనం పెడతారు, ఫొటో తీస్తారు. ఇంగ్లీషు రాని తల్లి కూడా అక్కడ మూడు విషయాలు అడగవచ్చు. మా అమ్మాయి ఈ వారం తరగతిలో ఇంగ్లీషులో ఎన్నిసార్లు మాట్లాడింది? జంటలుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారా? అడిగి ఊరుకోకుండా లైబ్రరీ రిజిస్టరు కూడా చూపించమనండి. పిల్ల పేరు ఎదురుగా ఈ నెలలో ఎన్ని పుస్తకాలు ఎక్కాయో అందులో ఉంటుంది.